రెండు ఉప్పు ప్యాకెట్ల బరువు

పెండ్లి ఆల్బమ్‌లు తయారుచేయడం నా పని. ఫోటోలు తీసేది నేను కాదు. హన్మకొండలో రెండు స్టూడియోల వాళ్లు, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకాయన, తాము తీసిన ఫోటోలన్నీ హార్డ్‌డిస్కులో వేసి నాకు పంపుతరు. ఒక్క పెండ్లికి నాలుగైదు వేల ఫోటోలుంటయి. వాటిలో నుంచి మంచివి ఏరాలె, మొఖాల మీది చెమట మెరుపు తగ్గించాలె, పసుపు రంగు మరీ నారింజ కాకుండా చూడాలె, ఒక్కో పేజీలో ఎవరి పక్కన ఎవరుండాల్నో అమర్చాలె. ఆ పేజీలనే మేము షీట్లు అంటము. మడికొండలో మా ఇంటి ముందటర్రలో, కిటికీ పక్కన, ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చొని పదమూడేండ్లు ఈ పనే చేసిన.

ఆ కంప్యూటర్ పోయిన వానకాలంలో మొరాయించింది. పెద్ద షీటు తెరవమని చెప్పి, పోయి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా ఇంకా తెరుస్తనే ఉండేది. ఒకరోజు పెండ్లికూతురి మెడలో నల్లపూసలు సరిచేస్తుంటే తెర మొత్తం నీలంగా అయిపోయింది. రెండు రోజుల పని పోయింది. స్టూడియో అన్నకు ఫోన్ చేసి ఆలస్యమైతదని చెప్తే, ఆయన తిట్టలేదు. "అక్కా, ఇగ దానికి దండం పెట్టి ఒక మంచిది తీస్కో. సగం ధరది కాదు, మంచిది. నీ చేతుల పని నాకు తెలుసు, దాన్ని మిషన్ ఆపుతాంది" అన్నడు.

అప్పటిదాకా నేను కొత్త కంప్యూటర్ కొన్నదే లేదు. అన్నీ ఎవరో వాడి ఇచ్చినవి, లేకుంటే విడిభాగాలు తెచ్చి కట్టించుకున్నవి. ఈసారి చిట్టీ ఎత్తుకొని కొత్తదే కొందామని అనుకున్నం. ఇంట్లో పెట్టే పెద్ద డబ్బా కాదు, లాప్‌టాప్ కావాలన్న. ఎందుకని అడిగిన వాళ్లకు, కరెంటు పోయినా పని ఆగదు కదా అని చెప్పిన. అది అబద్ధం కాదు గాని, అసలు కారణం అది కాదు.

అసలు కారణం మా ఆయన.

మా ఆయన బస్సు కండక్టర్. ఎక్కువ కాలం ములుగు దారిలోనే పనిచేసిండు. నిరుడు ఎండాకాలంలో కాళ్లు వాచి, ఊపిరాడక దవాఖానకు తీసుకపోతే, రెండు కిడ్నీలు పనిచేస్తలేవని చెప్పిన్రు. అప్పటి నుంచి డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఏడింటికల్లా మేం హన్మకొండలో ఉండాలె. నాలుగు గంటలు ఆయన మిషన్ పక్కన పండుకుంటడు. ఎడమ చేతికి రెండు సూదులుంటయి, ఆ చెయ్యి కదలొద్దు. ఆయన రక్తం గొట్టంలో నుంచి బయటికొచ్చి, కడిగించుకొని, మళ్లా లోపలికి పోతుంటే, నేను పక్కన ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చునేదాన్ని. ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటేది. ఆయనకు అన్నం పెట్టి పండబెట్టి, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఎవరి పెండ్లో, ఎవరి మొఖమో తెలియనంత అలసట.

దవాఖానలో ఆ నాలుగు గంటలు పని చేసుకోగలిగితే బాగుండునని నాకు చాలా రోజుల నుంచి ఉంది. కాని నోరు తెరిచి అనలేకపోయిన. ఎందుకంటే మా ఇంట్లో డయాలసిస్ అనేది కొన్నాళ్ల ముచ్చట. ఆయన అక్క, అంటే మా వదిన, తన కిడ్నీ ఇస్తనన్నది. "నాకు రెండున్నయి, తమ్మునికి ఒకటిస్త" అని అంత సులువుగా అన్నది ఆమె. హైదరాబాద్‌లో ఆమెకు పరీక్షలు నడుస్తున్నయి. "ఇంకో మూడు నెలలు" అనేటోడు మా ఆయన. మూడు నెలలు అయిపోయినంక మళ్లా "ఇంకో మూడు నెలలు" అనేటోడు. దవాఖానలో పని చేసుకోవడానికి లాప్‌టాప్ కొందామని నేనంటే, నువ్వు బాగుపడవని నేను అన్నట్టే.

మా బిడ్డ డిగ్రీ చదువుతది. తను ఒక కాగితం మీద గీతలు కొట్టి లెక్క తేల్చింది. ఒకే కంపెనీలో రెండు మోడళ్లు. ఒకటి పెద్ద తెరది, బరువైనది, దానిలో బొమ్మల పని కోసం వేరే చిప్ కూడ ఉంటది. రెండోది చిన్న తెరది, తేలికైనది. చిన్నదానిలో మళ్లా రెండు రకాలు, మెమరీ తక్కువున్నది ఒకటి, దానికి రెండింతలున్నది ఒకటి. "అమ్మా, నీ పనికి పెద్దదే కరెక్ట్" అని, ఆ పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది.

ఒక ఆదివారం ముగ్గురం హన్మకొండ చౌరస్తా దగ్గరి షాపుకు పోయినం. షాపులో ఉన్న అమ్మాయి ముందుగాల మా ఆయన్నే అడిగింది. "సార్, గేమ్స్ కోసమా, ఆఫీసు పనికా?"

"నన్నడగకు బిడ్డా. పని ఆమెది, మిషన్ ఆమెది. నేను ఉత్తగ వెంబడొచ్చిన" అని ఆయన కుర్చీలో కూర్చున్నడు.

నేను పెన్‌డ్రైవ్‌లో నా పని కొంత తీసుకపోయిన. నలుగు పెట్టిన పెండ్లికూతురు ఫోటో, ముప్పై మంది వరుసగా నిలబడ్డ ఫోటో, ఒక పూర్తి షీటు. ఆ అమ్మాయి రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి తెరిచింది. పెద్ద తెర మీద షీటు మొత్తం ఒక్కసారి కనపడ్డది. ఇటు పేజీలో తల్లి ఏడుస్తున్నది, అటు పేజీలో బిడ్డ కారెక్కుతున్నది, రెండూ ఒకే చూపులో. పదమూడేండ్లలో నా పనిని అంత నిండుగ నేనెప్పుడూ చూసుకోలేదు. చిన్న తెర మీద రంగులు అంతే బాగున్నయి గాని, కండ్లు చిట్లించి, దగ్గరికి జరుపుకుంట చూడాలె. పైగా ముప్పై మంది ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే జరసేపు తటపటాయించింది.

"దీంట్లనే ఎక్కువ మెమరీది తీస్కుంటే ఇట్ల ఆగది మేడం. కాని అది షాపుల ఉండదు, ఆర్డర్ పెట్టాలె. మూడు వారాలైతది" అన్నది అమ్మాయి.

"ఇప్పుడు తక్కువది తీస్కొని, తర్వాత పెంచుకోరాదా?" అన్న నేను. పాత కంప్యూటర్‌కు అట్లనే చేసేదాన్ని.

"కుదరది మేడం. ఇప్పుడొచ్చేటివాటిల్ల మెమరీ బోర్డుకే అతికిచ్చి ఉంటది. కొన్ననాడు ఎంత తీస్కుంటే, చివరిదాక అంతే. ఎన్నేండ్లు వాడాలనుకుంటున్నరు?"

ఆ అమ్మాయి అందరినీ అడిగే ప్రశ్నే అది. నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన కుడిచేత్తో ఎడమ చేతి మీద ఉబ్బిన నరాన్ని కప్పుకొని, షాపులో పెద్ద టీవీ మీద నడుస్తున్న చేపల బొమ్మ చూస్తున్నడు. ఆ ఏడాదిలో మేము వచ్చే వారం గురించి మాట్లాడుకున్నం, వచ్చే నెల గురించి మాట్లాడుకున్నం. అంతకంటే దూరం పోలేదు.

"ఐదారేండ్లు" అన్న. నా గొంతు నాకే కొత్తగా వినపడ్డది.

"పెద్దదే తీస్కో" అన్నడు మా ఆయన, చేపల మీది నుంచి చూపు తిప్పకుండనే. "ఇంట్ల కూసోని చేసే పనికి చిన్నదెందుకు? మూడు నెలలైతే నేను డ్యూటీ ఎక్కుత. నువ్వు ఇంట్ల ఆరాంగ పెద్ద తెర ముందట కూసుంటవ్."

బిడ్డ కూడ తలూపింది. నేను రెండు రోజులు ఆలోచించి చెప్తనన్న. పని తెలిసిన మనిషిని, ఏది కావాల్నో అక్కడనే చెప్పకపోతినని ఆ అమ్మాయికి ఆశ్చర్యమైనట్టుంది.

నిజానికి పెద్ద తెర చూసినంక నా మనసు కూడ అటే గుంజింది. ఒకవేళ అదే తీసుకొని, దాన్నే దవాఖానకు మోసుకపోతే? బరువు రెండు కిలోలకు కొంచెం ఎక్కువని కాగితం మీద రాసి ఉంది. రెండు కిలోలు ఎంత? ఇంట్లో బిందెలు మోసేదాన్ని, నాకు రెండు కిలోలు ఒక లెక్కా? కాని మోసి చూడందే తెలియదనిపించింది. గురువారం పొద్దున బయలుదేరేటప్పుడు, వంటింట్లో ఉన్న రెండు కిలో ఉప్పు ప్యాకెట్లు తీసి, పాత చున్నీలో చుట్టి, దవాఖాన సంచిలో అడుగున పెట్టిన.

ఆ సంచిలో అప్పటికే ఆయన దుప్పటి, ఫైలు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా ఉంటయి. మడికొండ నుంచి బస్సెక్కి, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఆయన భుజం పట్టుకొని నిలబడ్డ. కాజీపేట దాటేసరికి సంచి తాడు భుజంలోకి కోసుకపోవుడు మొదలైంది. దిగినంక దవాఖాన మెట్ల మీద రెండుసార్లు చేతులు మార్చుకున్న. ఆయనకు అనుమానమొచ్చింది. "ఏమున్నయే దాంట్ల, అంతగనం వంగుతానవ్?" అన్నడు. "దుప్పటి మందంది పెట్టిన" అన్న.

లోపల రోజూ ఉండే తంతే. ముందు ఆయన్ను తూకం మీద నిలబెట్టి, పోయినసారి నుంచి ఒంట్లో ఎంత నీరు పెరిగిందో చూస్తరు. సిస్టర్ చూసి, "రెండు కిలోలు పెరిగినవ్ పెద్దయ్యా. నీళ్లు ఎక్కువ తాగుతానవ్" అన్నది. మంచం మీద పండబెట్టి, సూదులు పెట్టి, మిషన్ నడిపించింది. తర్వాత ఏదో మందు చీటీ కావాలని, ఫైలు కోసం తనే సంచిలో చెయ్యి పెట్టింది. ఫైలు అడుగున ఇరుక్కున్నట్టుంది. గుంజితే ఫైలుతోపాటు చున్నీ వచ్చింది, చున్నీలో నుంచి ఉప్పు ప్యాకెట్లు రెండూ టపటప నేల మీద పడ్డయి.

డయాలసిస్ మీదున్నోళ్లకు ఉప్పు అంటే విషమని చెప్తరు. ఉప్పు తింటే దూపైతది, దూపైతే నీళ్లు తాగుతరు, తాగిన నీళ్లు ఒంట్లోనే ఉంటయి. ఆ గదిలో ఎనిమిది మంచాలున్నయి. ఎనిమిది తలలూ మా దిక్కు తిరిగినయి.

"ఇదేందమ్మా? ఉప్పా? దవాఖానకు ఉప్పు తెస్తరా? ఆయనకు ఉప్పు బందని ఎన్నిసార్లు చెప్పాలె?" సిస్టర్ గొంతు లేచింది.

"ఆయనకు కాదు సిస్టర్."

"మరెవ్వరికి?"

"ఇంట్ల ఉప్పు మొన్ననే తెచ్చినం గదా" అన్నడు మా ఆయన మెల్లగా. కదలకుండ ఉంచిన చేతి మీది నుంచి నన్నే చూస్తున్నడు.

ఇంక దాచేదేమీ లేకపోయింది. "లాప్‌టాప్ బరువు" అన్న. "పెద్దది రెండు కిలోలుంటదట. మోయగలుగుతనో లేదో చూద్దామని."

సిస్టర్ ఒక్క క్షణం అర్థంకాక చూసి, తర్వాత ఫక్కున నవ్వింది. అవతలి మంచాల మీద ఒకరిద్దరు నవ్విన్రు. ప్యాకెట్లు తీసి నా చేతిలో పెట్టి, "మీతోని కాదమ్మా" అనుకుంట పోయింది. మా ఆయన నవ్వలేదు.

"ఇంట్ల ఉండేదాన్ని మోసుడెందుకు?" అని అడిగిండు.

"ఇక్కడికి తెచ్చుకుందామని. నువ్వు పండుకున్నంత సేపు నేను పని చేస్కుంట."

"ఎన్ని రోజులు?"

నేను ఉప్పు ప్యాకెట్లను మళ్లా చున్నీలో చుట్టిన. ఆయన మొఖం పైకప్పు దిక్కు తిప్పుకున్నడు. ఆ రోజు మిగిలిన మూడున్నర గంటలు, బస్సులో, ఇంట్లో, మళ్లా తెల్లారిందాక నాతోని మాట్లాడలేదు. కోపం కాదది. కోపమైతే నాకు తెలుసు, గిన్నెలు చప్పుడైతయి. ఆయన ఉత్తగ తలుపు దగ్గర కుర్చీ వేసుకొని, ఐటీ పార్క్ దిక్కు పోయే కంపెనీ బండ్లను చూసుకుంట కూర్చున్నడు. నేను తప్పు చేసిన్నా, నిజం చెప్పిన్నా తేల్చుకోలేకపోయిన. ఆయన అడిగినప్పుడు "కొన్ని రోజులే" అంటే ఏం పోయేది? కాని షాపులో ఆ అమ్మాయికి ఐదారేండ్లని చెప్పిన నోటితో, ఆ మాట రాలేదు.

శనివారం మళ్లా పోయినం. మా పక్క మంచం మీద రిటైరైన టీచరమ్మ ఉంటది. ఫాతిమానగర్ దిక్కు వాళ్లు, క్యాథలిక్కులు. మెడలో చిన్న సిలువ, దిండు కింద జపమాల, చేతిలో పదకేళి పుస్తకం. ఆమె తొమ్మిదేండ్ల నుంచి డయాలసిస్ మీదుందని మాకు మొదటివారంలోనే సిస్టర్ చెప్పింది. అప్పటి నుంచి మా ఆయన ఆమె దిక్కు సరిగ్గా చూడలేదు. ఆమె పలకరిస్తే తలూపేటోడు, అంతే. తొమ్మిదేండ్లనే మాట ఆయనకు అంటుకుంటదేమోనన్నట్టుండేది.

ఆ రోజు మిషన్ నడిచి ఒక గంటైనంక, ఆయన తనంత తనే ఆమె దిక్కు తిరిగిండు.

"టీచరమ్మా, ఒకటడుగుత, ఏమనుకోకుండ్రి. మొదట్ల మీరు కూడ కొన్ని రోజులే అనుకున్నరా?"

ఆమె పెన్సిల్ పుస్తకంలో పెట్టి మూసింది. "అనుకోకుంటే ఎట్ల నాయనా? మొదటి ఏడాది నేను కొత్త చీర కొనలేదు. ఎందుకులే, కట్టుకుంటనో లేదో అని. చెప్పులు తెగితే కుట్టించుకున్న గాని కొత్తవి కొనలే. రెండో ఏడు మా ఇంట్ల ఫ్రిజ్ చెడిపోయింది. షాపాయన ఐదేండ్ల వారంటీ అన్నడు. నాకు నవ్వొచ్చింది, నాకే వారంటీ లేదు, దీనికెందుకని. మా వారు కొనమంటే కొన్న." ఆమె జర ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ వారంటీ అయిపోయి కూడ రెండేండ్లాయె. ఫ్రిజ్ నడుస్తాంది. నేను నడుస్తాన. దేవుని దయ."

"మల్ల కిడ్నీ మార్పిచ్చుకుందామని లేదా?"

"ఉంది, ఎందుకు లేదు? పేరు రాపిచ్చిన. వస్తే మంచిదే. రాకపోతే మంగళవారం ఉండనే ఉంది గదా." అని మళ్లా పుస్తకం తెరిచి, "పంచదారకు మూడక్షరాల మాట ఏంది?" అని అడిగింది. మా ఆయన "చక్కెర" అన్నడు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకొని రాసుకుంది.

ఇంటికి పోయేటప్పుడు బస్సులో సీటు దొరికింది. ఆయన కిటికీ పక్కన కూర్చున్నడు. డయాలసిస్ అయిన రోజు ఆయన గొంతు నీరసంగ ఉంటది, చెవి దగ్గరపెట్టి వినాలె.

"నా రెండు కిలోల నీళ్లను మిషన్ దించుతాంది" అన్నడు. "నీ రెండు కిలోలు ఎవరు దించుతరే?"

నాకు ఏడుపొచ్చింది. బస్సులో ఏడిస్తే బాగుండదని సంచి సర్దుకున్న.

"చిన్నదే తీస్కో" అన్నడు. "ఒక కిలో పావు అని రాసింది గదా బిడ్డ. అది మోస్తవ్. కాని ఆ తక్కువ మెమరీది వద్దు. ఆర్డర్ పెట్టు, మూడు వారాలు ఆగుదాం. కొన్ననాడు ఎంత ఉంటే చివరిదాక అంతేనన్నది గదా ఆ పిల్ల. ఐదారేండ్లు నడవాలె."

ఐదారేండ్లని ఆయన నోటి నుంచి విన్నప్పుడు నాకు భయమైంది, సంబురం కూడ అయింది. రెండూ ఒక్కసారే. పెద్ద తెర సంగతి గుర్తుకొచ్చి కొంచెం బాధ కూడ అయింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

సోమవారం పోయి ఆర్డర్ పెట్టినం. సరిగ్గా పదిరోజులకు హైదరాబాద్ నుంచి వదిన ఫోన్ చేసింది. ఆమెకు షుగర్ మొదలైందని, ఆమె కిడ్నీ తీయడం ఆమెకే మంచిది కాదని డాక్టర్లు తేల్చి చెప్పిన్రట. ఆమె ఫోన్‌లో ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకు ఇయ్యలేకపోయిన తమ్మీ" అంటనే ఉంది.

"నీది నీ దగ్గర్నే ఉండనియ్ అక్కా. ముందుగాల నువ్వు చక్కెర బందుచెయ్" అన్నడు ఈయన. ఫోన్ పెట్టేసి, పోయి మొఖం కడుక్కొని వచ్చిండు. చాలాసేపు తువ్వాలతో తుడుచుకుంటనే ఉన్నడు.

నాకు మాత్రం ఒక పిచ్చి ఆలోచన పట్టుకుంది. నేను ఆ చిన్న లాప్‌టాప్ ఆర్డర్ పెట్టినందుకే ఇట్లయిందా? ఐదారేండ్లని షాపులో అన్నందుకా? చదువుకున్నదాన్ని, అట్ల కాదని నాకు తెలుసు. తెలిసినా కూడ మరునాడు షాపుకు ఫోన్ చేసిన. ఆర్డర్ రద్దు చేయొచ్చా, పెద్దది తీసుకోవచ్చా అని అడిగిన. "చేయొచ్చు మేడం, ఇంకా టైముంది. చేసెయ్యమంటరా?" అన్నది ఆ అమ్మాయి. పెద్దది కొంటే ఏమైతది? అది ఇంట్లో కిటికీ పక్కన ఉంటది, నేను దవాఖానలో స్టూల్ మీద ఉంట, మంగళవారం మంగళవారమే. "వద్దులే, ఉండనియ్" అన్న. ఈ ఫోన్ సంగతి ఇప్పటికీ మా ఆయనకు తెలియదు.

లాప్‌టాప్ వచ్చింది. బిడ్డ డబ్బా విప్పి, అందులో ఏమేం వేయాల్నో వేసి ఇచ్చింది. మొదటి రోజు దవాఖానకు తీసుకపోయి, ఆయన మంచం పక్కన స్టూల్ మీద కూర్చొని, ఒళ్లో పెట్టుకొని తెరిచిన. చార్జర్ పెడదామని గోడ దిక్కు చెయ్యి చాపితే సిస్టర్ అరిచింది. "అమ్మా, ఆ ప్లగ్గులు మిషన్లకే! అండ్ల ఏదీ పెట్టొద్దు."

బిడ్డ గీసిన కాగితంలో తెర ఉంది, మెమరీ ఉంది, చిప్ ఉంది, బరువు ఉంది. బ్యాటరీ ఎంతసేపు వస్తదనే వరుస మాత్రం లేదు. మేమెవ్వరమూ అడగలేదు. అదృష్టం కొద్దీ తేలికదానికి బ్యాటరీ బాగుంది, నాలుగు గంటలూ నడిచి ఇంకా మిగిలింది. పెద్దదైతే నా పనికి రెండు గంటలు కూడ వచ్చేది కాదని స్టూడియో అన్న తర్వాత చెప్పిండు. ఇన్ని రోజులు తలలు పగులగొట్టుకొని, అసలు సంగతి మాత్రం గుడ్డిగా కొట్టినం.

ఒళ్లో పెట్టుకుంటే మెడ గుంజుతున్నదని, సిస్టరే టిఫిన్ పెట్టే చిన్న చక్రాల బల్ల తోసుకొచ్చి ఇచ్చింది. ఆ బల్ల ఆయన మంచానికి అడ్డంగ ఉండటంతో తెర ఆయనకు కూడ కనపడేది. మొదటి వారం పట్టించుకోలేదు, కండ్లు మూసుకునేటోడు. రెండోవారం ములుగు అవతల ఒక ఊరి పెండ్లి వచ్చింది. నేను ఫోటోలు ఒక్కొక్కటి జరుపుతుంటే ఆయన కుడిచెయ్యి లేపిండు.

"ఆగు. ఎనుకకు పో. ఇంకోటి. ఆ ఈయన! ఈ ముసలాయన ములుగు దాటినంక రెండో స్టేజీల ఎక్కుతడు. ఎప్పుడు చిల్లర సరిగ్గ ఇస్తడు. ఇంత మంచి అంగి ఎప్పుడు తొడిగిండు?"

ఇంకొంచెం ముందుకు పోతే, "ఈమె చింతపండు గంప పెట్టుకొని ఎక్కేది. గంపకు టికెట్ కొట్టొద్దని కొట్లాడేది" అన్నడు. ఆ పెండ్లిలో ఆయన పదకొండు మందిని గుర్తుపట్టిండు. ఇరవయ్యేండ్లు ఆయన బస్సులో నిలబడి చూసిన మనుషులు, పట్టుచీరలు కట్టుకొని, పూలు పెట్టుకొని, ఆయన ముందుకొచ్చి నిలబడ్డరు. పక్క మంచం మీది నుంచి టీచరమ్మ కూడ మెడ చాపి చూసింది.

తర్వాత్తర్వాత ఏ ఊరి పెండ్లైనా చూడటం మొదలుపెట్టిండు. ఫోటో నచ్చితే ఏ మీట నొక్కాల్నో నేర్పిచ్చిన. కుడిచేత్తో ఒక్కొక్కటి జరుపుకుంట, మంచివాటికి గుర్తు పెడుతడు. నేను ఆ పూట వేరే షీట్లు కాగితం మీద గీసుకుంట, లేకపోతే ఉత్తగ కూర్చుంట. ఆయన ఏరుడు నా ఏరుడు లెక్క ఉండదు. నేను పెండ్లికూతురు కండ్లు, వెలుతురు, నగలు చూస్త. ఆయన ఎవరు ఎవరిని చూస్తున్నరో చూస్తడు.

మొన్న స్టూడియో అన్న ఫోన్ చేసిండు. "అక్కా, ఈ ఆల్బమ్ ఎవరు ఏరిన్రు? పెండ్లికొడుకు కంటె ముసలోళ్లే ఎక్కువున్నరు. వంట కాడ నిలబడ్డోళ్లు, చెప్పులు కాపలా కాసేటోళ్లు, అందరున్నరు. పెండ్లికొడుకు వాళ్లన్న అడుగుతాండు, మా తమ్ముని స్నేహితులేరి అని."

నవ్వుకున్న గాని, ఆరు షీట్లు మళ్లా చేయాల్సి వచ్చింది. ఇంట్లో, ఆ చిన్న తెర మీద, మెడ పట్టేసి, ఆ పెద్ద తెర ఎంత బాగుండెనోనని తలుచుకుంట చేసిన. ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నడు. నేను తీసేసిన ప్రతి ఫోటోకు ఊపిరి వదులుతున్నడు. చివరికి ఒకదాని దగ్గర నా చెయ్యి పట్టుకున్నడు. ఒకామె, యాభై ఏండ్లుంటయి, అక్షింతలు చేతిలో పట్టుకొని, ఎవరినో చూసి నోరంత తెరిచి నవ్వుతున్నది.

"ఈ ఒక్కటి ఉంచు."

"ఎవరామె? నీ బస్సుల ఎక్కేదా?"

"కాదు. ఎవరో నాకు తెల్వది."

"మల్ల ఎందుకు?"

"చూడరాదు, ఎట్ల నవ్వుతాందో."

స్నేహితుల గుంపు ఫోటో పక్కన, ఒక మూలకు చిన్నగ పెట్టి పంపిన. నాలుగు రోజులకు స్టూడియో అన్న మళ్లా ఫోన్ చేసిండు. ఆల్బమ్ బాగుందన్నరట. కాని ఆ మూలకున్నామె ఎవరో పెండ్లికూతురు వాళ్లకు తెలియదట, పెండ్లికొడుకు వాళ్లకూ తెలియదట. ఇటువాళ్లు అటు చుట్టమనుకున్నరు, అటువాళ్లు ఇటు చుట్టమనుకున్నరు.

"తీసెయ్యమన్నరా అన్నా?" అని అడిగిన.

"లేదక్కా. పెండ్లికూతురు వాళ్లమ్మ ఉండనియ్యమన్నదట" అన్నడు.